ఒప్పుకున్నాక అప్పీలుందా?

బోను పదడుగుల దూరంలో ఉంది. మీ ముందు తొమ్మిదిమంది. అందరూ సంక్రాంతినాడు భీమవరం పక్క తోటలో పేకాట దగ్గర దొరికినవాళ్ళే. మీరు ఆడలేదు. బావను వెతుక్కుంటూ వెళ్ళి, ఆట చూస్తూ నిలబడిపోయారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

కోర్టు కానిస్టేబుల్ మీ చెవి దగ్గరికి వంగుతాడు. "ఒప్పేసుకో తమ్ముడూ. మూడొందలు ఫైను, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటావు. కాదన్నావో, వాయిదాలకి తిరగలేక చస్తావు."

అతను మీకు శత్రువు కాడు. మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. అందుకే ఆ మాట అంత తేలిగ్గా చెవికెక్కుతుంది.

మీ పేరు పిలుస్తారు. బోనెక్కుతారు. నోరు ఎండిపోయింది. మేజిస్ట్రేటుగారు కాగితంలోంచి తలెత్తరు. "నేరం ఒప్పుకుంటావా?" పక్కన లాయరు లేడు. వెనక ఎవరో దగ్గారు. కానిస్టేబుల్ తలూపాడు. మీరూ ఊపారు. "ఆ... సార్."

అయిపోయింది. తరవాతి పేరు.

డబ్బు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని బయటపడతారు. హమ్మయ్య అనిపిస్తుంది. మార్చి చివరిదాకా ఆ సంగతే గుర్తుకు రాదు.

మార్చి చివర్లో మీ చేతిలో ఉద్యోగానికి సంబంధించిన అటెస్టేషన్ ఫారం ఉంటుంది. మిమ్మల్ని ఏ కోర్టయినా దోషిగా తేల్చిందా, జరిమానా వేసిందా అని ఒక గడి అడుగుతోంది. పెన్ను అక్కడే ఆగింది. "లేదు" అని రాసేద్దామా? రాయకండి. పోలీసు విచారణలో బయటపడితే, కేసు కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది. చిన్న కేసయితే దాని తీవ్రత చూసి నిర్ణయించే వీలు యాజమాన్యానికి ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం అనలేదు.

సాయంత్రానికి లాయరుగారి బల్ల ముందున్నారు.

"అదే మేజిస్ట్రేటుగారి దగ్గరికెళ్ళి, తెలీక ఒప్పుకున్నానండీ అంటే?"

"కుదరదు బాబూ. సంతకం పెట్టిన తీర్పుని ఆయన మార్చలేరు. అక్షరదోషాలు దిద్దగలరు, అంతే."

"పోనీ, అప్పీలు?"

ఆయన కొత్త చట్టం తెరుస్తారు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. వేలు 416వ సెక్షన్ మీద ఆగుతుంది. ఒప్పుకుని దోషి అయినవాడు శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో అప్పీలుకెళ్ళొచ్చు. అసలు దోషినే కాదంటూ వెళ్ళలేడు. ఆ కాస్త అప్పీలుకూ గడువు ముప్పై రోజులు.

అవి ఫిబ్రవరిలోనే దాటిపోయాయి. మీ గుండె జారుతుంది.

"రివిజనుంది. కింది కోర్టు పద్ధతి ప్రకారం చేసిందో లేదో పై కోర్టు చూడటం," అంటారాయన. "ఆ రోజు నువ్వేమన్నావు? సరిగ్గా ఏ మాట?"

"ఆ సార్, అన్నానండీ."

కొన్నాళ్ళకు, రికార్డుల్లోంచి తెచ్చుకున్న సర్టిఫైడ్ కాపీ బల్ల మీద పరుస్తారు. అచ్చేసిన ఫారం. ఆరోపణ వివరించాం, స్వచ్ఛందంగా ఒప్పుకున్నాడు అని ఇంగ్లీషులో ముందే ఉంది. పెన్నుతో రాసింది మీ పేరొక్కటే. మిగతా తొమ్మిదిమందివీ ఇలాగే ఉండి ఉంటాయి.

లాయరుగారి మొహంలో మొదటిసారి వెలుగు. నిందితుడు ఏ మాటలతో ఒప్పుకున్నాడో వీలైనంతవరకు ఆ మాటల్లోనే రాయాలంటుంది 275వ సెక్షన్. ఇది కొత్తగా పుట్టిన రూలు కాదు, పాత చట్టంలోనిదే. మద్రాసు నుంచి వెళ్ళిన మహంత్ కౌశల్య దాస్ కేసులో 1960లలోనే సుప్రీంకోర్టు దీన్ని తప్పనిసరి అంది, అలా రాయనందుకు శిక్ష కొట్టేసింది. మీ చేతిలోని బలం ఇదే. నేను ఆడలేదు అన్న మాటకి ఇక్కడ అంత విలువ లేదు.

ఇప్పుడు ఎంచుకోండి. సెషన్స్ కోర్టా, అమరావతిలో హైకోర్టా? సెషన్స్ దగ్గర, ఖర్చు తక్కువ. కానీ ఒకచోట రివిజన్ వేసి ఓడితే రెండోచోట వేయలేరు. ఆ తరవాత మిగిలేది హైకోర్టు సహజాధికారం. ఆ తలుపు చాలా ఇరుకు.

"గెలిస్తే కేసు పోయినట్టేనా అండీ?"

ఆయన వెంటనే జవాబివ్వరు. "పోకపోవచ్చు. మొదటికి రావచ్చు. అప్పుడు మళ్ళీ బోను. సాక్షులు. వాయిదాలు. నువ్వు తప్పించుకుందామనుకున్నదంతా."

ఫోను మోగుతుంది. అమ్మ. మీరు తీయరు.

ఇంకో దారి కూడా ఉంది. జరిమానా బదులు మందలించి వదిలేయమని ప్రొబేషన్ చట్టం కింద అడగడం. 1958 నాటి ఆ చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం, అలా వదిలినవాడికి శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. దోషి అన్న మాట మాత్రం రికార్డులో ఉంటుంది. నన్నడిగితే రెండూ ఒకే పిటిషన్‌లో అడగాలి. ముందు కొట్టేయమని, కాకపోతే మందలింపుతో సరిపెట్టమని.

రివిజన్‌కు గడువు తొంభై రోజులు. జనవరి 19న పడిన శిక్షకి ఏప్రిల్ మూడో వారంతో సరి. కాపీ రావడానికి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. అంతకన్నా ఆలస్యమైతే కారణం చూపించుకోవాలి, అది నమ్మడం నమ్మకపోవడం జడ్జిగారి ఇష్టం.

మీ ఇంట్లో ఎవరైనా రేపు ఆ బోనెక్కబోతుంటే, ఒప్పుకునే ముందు లాయరు కావాలని అడగమనండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100.