మరిచిపోవడంలో తేడా లేదు, గుర్తు చేసుకోవడంలోనే ఉంది

నాకు పాశ్చాత్య సంగీతం గురించి పెద్దగా తెలీదు. రాత్రిపూట బిల్డ్ అయ్యేదాకా నిద్ర రాకుండా ఉండటానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో ఒకటి వింటూ ఉంటాను, అంతే. అలా ఒకసారి హాండెల్ 1735లో కట్టిన అల్చీనా అనే ఒపేరా విన్నాను. మంత్రగత్తె అల్చీనా తన దీవికి వచ్చిన వీరుల్ని మోహంలో పడేసి, మోజు తీరాక చెట్లుగానో రాళ్ళుగానో మార్చేస్తుంది. కథ బావుంది కదా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే, ఇదే కథని హాండెల్ కంటే నూటపదేళ్ళ ముందే ఒకావిడ ఒపేరాగా కట్టిందని తెలిసింది. ఆవిడ పేరు ఫ్రాంచెస్కా కచ్చీని. మనకి దొరుకుతున్న వాటిలో ఒక స్త్రీ కూర్చిన మొట్టమొదటి ఒపేరా అదే.

ఇలాంటి కథ వినగానే మన బుర్రలో ఒక టెంప్లేట్ సిద్ధంగా ఉంటుంది. పాపం ఎవరో ప్రతిభ గల స్త్రీ, ఎవరూ ఆవిడని పైకి రానివ్వలేదు, రాసిందంతా అటకెక్కింది అని. నేనూ అలాగే అనుకున్నాను. తీరా చదివితే సంగతి వేరు.

ఫ్రాంచెస్కా 1587లో ఫ్లోరెన్స్‌లో పుట్టింది. తండ్రి జూలియో కచ్చీని అప్పటికే పేరున్న గాయకుడు. ఒపేరా అనే ప్రక్రియకి మొదటి ఇటికలు పేర్చిన కొద్దిమందిలో ఒకడు. 1604-05లో ఈ కుటుంబం ఫ్రాన్స్ వెళ్తే, అక్కడి రాజు నాలుగో హెన్రీ ఈ అమ్మాయి పాట విని తన కొలువులోనే ఉంచేసుకుంటానన్నాడు. ఫ్లోరెన్స్ వాళ్ళు వదలలేదు. 1607లో మెడిచి వారి కొలువులో ఉద్యోగం వచ్చింది. పాడటం, పాఠాలు చెప్పడం, వేడుకలకి సంగీతం కూర్చడం - అన్నీ ఆవిడ పనే. ఆ కొలువులో బాగా జీతం అందుకున్న సంగీతకారుల్లో ఆవిడ ఒకరు. 1618లో ఆవిడ పాటల పుస్తకం అచ్చయింది, మొత్తం 36 పాటలు. ఇదీ ప్రొఫైల్. అణచివేతకి గురైన అజ్ఞాత కళాకారిణి ప్రొఫైల్ లాగా ఉందా? లేదు కదా!

ఇంతకీ ఆ ఒపేరా సంగతి. 1621లో గ్రాండ్ డ్యూక్ రెండో కోసిమో చనిపోయేనాటికి కొడుకు మైనరు. దాంతో రాజ్యం నడిపే పని ఇద్దరు ఆడవాళ్ళ మీద పడింది. పిల్లవాడి తల్లి మరియా మద్దలేనా, నాయనమ్మ క్రిస్టీన్. 1625 ఫిబ్రవరి 3న పోలండ్ యువరాజు వ్లాదిస్లావ్ విడిది చేసినప్పుడు, ఊరి బయట పోజ్జో ఇంపీరియాలె భవనంలో మరియా మద్దలేనా ఏర్పాటు చేసిన వేడుకే ఈ ఒపేరా. పేరు 'లా లిబెరాత్సియోనె ది రుజ్జేరో', అంటే రుజ్జేరో విముక్తి. అరియోస్తో కావ్యం ఒర్లాండో ఫ్యూరియోసోలోని కథకి సరాచినెల్లి మాటలు రాశాడు. నాంది ఘట్టంలో సముద్రదేవుడు నెప్ట్యూన్‌తో పాటు పోలండ్ నది విస్తులా కూడా పాత్రగా వచ్చి పొగుడుతుంది (క్లయింట్ విజిట్ అంటే అప్పుడూ అంతే మరి!). చివర్లో గుర్రాల చేత నృత్యం.

ఈ కథలో రుజ్జేరో వీరుడే కానీ చేసేదేం లేదు. అసలు పోరు ఇద్దరు ఆడవాళ్ళ మధ్య. బంధించేది అల్చీనా, విడిపించేది మెలిస్సా. మెలిస్సా అతని గురువు అట్లాంటె వేషంలో, అంటే మగ రూపంలో వచ్చి బుద్ధి చెబుతుంది. అధికారం ఆడవాళ్ళ చేతిలో ఉంటే ఏమవుతుంది అనే ప్రశ్నని, అధికారంలో ఉన్న ఆడమనిషి ఇంట్లోనే ఆడించిందన్నమాట. ఫ్రాంచెస్కా మీద 2009లో పెద్ద పుస్తకం రాసిన సుజాన్ క్యూసిక్ ఇంకో విషయం పట్టుకున్నారు. ఇందులో చాలావరకు ఆడ పాత్రల పాటలు ఫ్లాట్ స్వరాల వైపు, మగ పాత్రల పాటలు షార్ప్ స్వరాల వైపు ఉంటాయి. మగ వేషం కట్టిన మెలిస్సా ఈ రెండిటికీ మధ్యలో నిలబడుతుంది.

ఆవిడ పదికి పైగా రంగస్థల వేడుకలకి సంగీతం ఇచ్చింది. పూర్తిగా మిగిలింది ఇదొక్కటే. కారణం చాలా సింపుల్, ఇది అదే ఏడు అచ్చయింది. మిగతావి కాలేదు. బ్యాకప్ ఉన్నది బతికింది.

మరి అచ్చయినది ఎందుకు మరుగున పడింది? ఇక్కడే నా టెంప్లేట్ విరిగిపోయింది. ఆ రోజుల్లో ఒపేరా అంటే పెళ్ళికి వేసిన పందిరి లాంటిది. వేడుక అయ్యాక తీసేస్తారు. ఈరోజు అందరూ మహాకావ్యంలా చూసే మోంటెవెర్ది ఓర్ఫెయో కూడా అంతే. 1607లో మాంతువాలో ఆడింది, రెండుసార్లు అచ్చయింది, తర్వాత రెండువందల ఏళ్ళకి పైగా దాని ఊసు లేదు. అంటే మరిచిపోవడంలో వివక్షేమీ లేదు. కాలం ఆడా మగా అందరినీ సమానంగానే తుడిచిపెట్టింది.

తేడా వచ్చింది తిరిగి గుర్తు చేసుకునేటప్పుడు. 1881లో జర్మనీలో రాబర్ట్ ఐట్నర్ అనే పండితుడు తొలినాటి ఒపేరాలు ఏరి ఒక సంపుటం తెచ్చాడు. అందులో ఉన్న మూడు: మోంటెవెర్ది ఓర్ఫెయో, మార్కో దా గల్యానో దాఫ్నె, జూలియో కచ్చీని యూరిదీచె. గల్యానో ఎవరు? మెడిచి కొలువులో ఫ్రాంచెస్కా సహోద్యోగి. జూలియో ఎవరు? ఆవిడ నాన్న. తండ్రీ కొలీగూ 1881లోనే లేచి కూర్చున్నారు, ఓర్ఫెయో 1904కల్లా పారిస్‌లో వినిపించింది. ఫ్రాంచెస్కా ఒపేరా ఆధునిక ప్రతి రావడానికి 1945 దాకా ఆగాల్సి వచ్చింది. ఐట్నర్ కుట్ర చేశాడని నేను అనను. ఆయన వెతికింది అన్నిటికంటే ముందు వచ్చినవాటి కోసం, 1625 ఆ గీతకి కాస్త ఇవతల పడింది. కానీ ఆ అరవైనాలుగేళ్ళ తర్వాత ఆ పని చేసిందెవరో చూడండి. అమెరికాలో స్మిత్ అనే ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పే డోరిస్ సిల్బర్ట్.

ప్రతి చేతికొస్తే సరిపోదు. ఆ స్కోరులో చాలాచోట్ల ఉండేది పాడే వరస, కింద మంద్రస్వరాల వరస, అంతే. మధ్యలో నింపాల్సింది వాయించేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఉంది, ఇంప్లిమెంటేషన్ లేదు. ఒక గొల్లవాడి పాటకి మూడు పిల్లనగ్రోవులు అని స్పష్టంగా ఉంటుంది, ఇంకోచోట ఏ వాద్యమో మనమే తేల్చుకోవాలి. అప్పటివాళ్ళకి రాయక్కర్లేకుండా తెలిసిన విద్య అది. దాన్ని ఇరవయ్యో శతాబ్దంలో పాత వాద్యాలు, పాత పుస్తకాలు పట్టుకుని మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. అలా నేర్చుకున్న బృందాల పుణ్యాన 2017లో ఎలెనా సార్తోరి, 2018లో పాల్ వాన్ నెవెల్ చేసిన రికార్డింగులు వచ్చాయి. రెండూ ఒకే స్కోరు, వింటే రెండు వేరే లోకాలు.

ఇదంతా నాకెందుకు గుచ్చుకుందో చెప్పి ముగిస్తాను. మా పాత ప్రాజెక్టులో నెలాఖరు లెక్కలు తేల్చే ప్రోగ్రామ్ ఒకటుండేది. రాసింది ఒక సీనియర్, మేం అక్కా అని పిలిచేవాళ్ళం. పాప పుట్టాక మానేశారు. మూడేళ్ళ తర్వాత కొత్త టీముకి అప్పగించేటప్పుడు, ఎవరెవరు కట్టారో చెప్పే స్లైడు ఒకటి పెట్టాం. అందులో నాలుగు పేర్లున్నాయి. అక్క పేరు లేదు. ఎవరూ ఆవిడ్ని తొక్కెయ్యలేదు, ఎవరికీ ఆవిడంటే కోపం లేదు. ఆ స్లైడు చేసినవాళ్ళకి ఆ పూట గుర్తొచ్చిన పేర్లు రాశారు, అంతే.

ఆ స్లైడు చేసింది నేనే.

రుజ్జేరో విముక్తి విన్న రాత్రి పాత మెయిళ్ళు వెతికి, ఆ ఫైలు తెరిచి, ఐదో పేరు రాసి, కొత్త టీముకి పంపాను. ఎవరైనా చూస్తారో లేదో తెలీదు. అక్కకి కూడా ఫోన్ చేశాను. "ఇంకా నడుస్తోందా అది?" అన్నారు నవ్వుతూ.