వానపంటగా పెరిగిన చదరంగం

2002వ సంవత్సరం చదరంగంలో పిల్లల సంవత్సరం. ఆ జనవరిలో మాస్కోలో జరిగిన ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పద్దెనిమిదేళ్ళ రుస్లాన్ పొనొమర్యోవ్ తన దేశంవాడే అయిన వాసిలీ ఇవాన్‌చుక్‌ను ఓడించాడు. ఇద్దరిదీ ఉక్రెయినే. ఆగస్టులో అదే దేశం నుంచి సెర్గీ కర్యాకిన్ అనే కుర్రవాడు 12 ఏళ్ళ 7 నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్నవారు అప్పటికి ఎవరూ లేరు. ఈ రెండింటికీ నడుమ, మే నెలాఖరులో, విజయవాడ అమ్మాయి కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయింది. వయసు 15 ఏళ్ళ 1 నెల 27 రోజులు. మహిళల్లో పదేళ్ళకు పైగా జూడిత్ పోల్గార్ పేర ఉన్న రికార్డును మూడు నెలల తేడాతో తిరగరాసింది.

ఒకే ఏడాది, ఇంచుమించు ఒకే తరం పిల్లలు. అయితే వాళ్ళు ఎదిగిన దారులు వేరు. ఆ తేడా తెలిస్తే తెలుగు నేల మీద చదరంగం ఎలా పుట్టుకొచ్చిందో తెలుస్తుంది. గోదావరి జిల్లాల పిల్లలకు ఇంకా ఏం కావాలో కూడా తెలుస్తుంది.

పొనొమర్యోవ్, కర్యాకిన్ ఇద్దరూ క్రమతోర్స్క్ అనే ఊళ్ళో తయారయ్యారు. తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ప్రాంతంలో భారీ యంత్రాల కర్మాగారాలున్న పట్టణం అది. రాజధాని కాదు, విశ్వవిద్యాలయాలకు పేరు పడ్డ నగరమూ కాదు. అక్కడ మోమోత్ పేరుతో ఒక చెస్ క్లబ్ ఉండేది. పొనొమర్యోవ్‌ది దగ్గర్లోని హోర్లివ్కా. కర్యాకిన్‌ది ఎక్కడో దక్షిణాన క్రిమియాలోని సింఫెరోపోల్. 2002లోనే పన్నెండేళ్ళ వయసులో మహిళా గ్రాండ్‌మాస్టర్ అయిన కతెరీనా లాగ్నోది దేశానికి ఆ కొసన ఉన్న ల్వీవ్. వీళ్ళంతా ఆ క్లబ్ కోసం ఆ ఊరు చేరినవాళ్ళే. అంతకన్నా చెప్పుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పొనొమర్యోవ్ మాస్కో ఫైనల్ ఆడుతున్నప్పుడు అతని పక్కన సహాయకుడిగా కూర్చున్నది అప్పుడే పన్నెండు నిండిన కర్యాకిన్. పెద్దవాడు ప్రపంచ టైటిల్ కోసం చేసే కసరత్తును చిన్నవాడు దగ్గరుండి చూశాడు. ఏడు నెలలకు తానూ రికార్డు కొట్టాడు.

సోవియట్ కాలంలో ఊరూరా పిల్లల కోసం పయొనీర్ భవనాలు ఉండేవి. సంగీతం, బొమ్మల విమానాలు, చదరంగం లాంటివన్నీ అక్కడ జీతం తీసుకునే గురువులే నేర్పేవారు. దేశం ముక్కలయ్యాక వ్యవస్థ చెదిరినా అలవాటు మిగిలింది. ఆసక్తి ఉన్న పిల్లవాడు సాయంత్రం వెళ్ళి కూర్చోవడానికి ఒక గది, అడగడానికి ఒక గురువు, ఆడడానికి తనకన్నా బలమైన జోడీ దొరికేవి.

ఆ గాలి కొంత మన వైపూ వీచింది. దేశంలో మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ మాన్యుయెల్ ఆరన్ 1972లో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో మిఖాయిల్ తాల్ పేరుతో చెస్ క్లబ్ మొదలుపెట్టాడు. విశ్వనాథన్ ఆనంద్ చిన్నతనంలో ఆడింది అక్కడే. 1988లో అతను భారతదేశపు మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఈనాటికీ మద్రాసు చదరంగానికి రాజధానిగా ఉందంటే దానికి పునాది ఆ గదిలో పడింది.

కృష్ణకు, గోదావరికి ఇవతల అలాంటి గది లేదు. అందుకే మన కథ ఇళ్ళలో మొదలైంది. 1987లో గుడివాడలో పుట్టిన హంపికి ఆట నేర్పింది తండ్రి కోనేరు అశోక్. స్వయంగా ఆటగాడు, కెమిస్ట్రీ అధ్యాపకుడు. కూతురి చెయ్యి చూసి ఉద్యోగం వదిలేసి ఆమెకు పూర్తికాలం కోచ్ అయ్యారు. 1997లో పదేళ్ళలోపు బాలికల ప్రపంచ టైటిల్, 1998లో పన్నెండేళ్ళలోపు, 2000లో పద్నాలుగేళ్ళలోపు, 2001లో జూనియర్ బాలికల టైటిల్ వరసగా ఇంటికి వచ్చాయి. గుంటూరులో పెంటేల హరికృష్ణకు నాలుగేళ్ళప్పుడు తాతగారు ఎత్తులు నేర్పారు. 2001లో పదిహేనేళ్ళకు అతను గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అప్పటికి దేశంలో అందరికన్నా చిన్నవాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచాడు. అదే గుంటూరు నుంచి ద్రోణవల్లి హారిక 2008లో ప్రపంచ జూనియర్ బాలికల విజేత అయింది, 2011లో గ్రాండ్‌మాస్టర్ హోదా అందుకుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేదాకా గోదావరి పక్కనే పారుతున్నా డెల్టా రైతు వాన కోసం ఆకాశం కేసి చూసేవాడు. మన చదరంగం అలాంటి వానపంట. ఒక ఇంట్లో ఆట తెలిసిన తండ్రి ఉండాలి, అతనికి ఉద్యోగం వదులుకునే తెగువ ఉండాలి, ఆ ఇంట్లోనే ప్రతిభ ఉన్న బిడ్డ పుట్టాలి. మూడూ కలిసిన చోట పంట బ్రహ్మాండంగా పండింది. కలవని చోట ఎంతమంది పిల్లలు పదేళ్ళకే బోర్డు మడిచి అటకెక్కించారో ఎవరూ లెక్క రాయలేదు.

మరి ప్రతిభ ఉన్న బిడ్డకు, హోదాకు నడుమ అడ్డొచ్చేది ఏమిటి? గ్రాండ్‌మాస్టర్ హోదాకు రేటింగ్ 2500 చేరడం ఒక్కటే చాలదు. మూడు నార్మ్‌లు సాధించాలి. మామూలుగా ఒక్కో నార్మ్‌కు తొమ్మిది రౌండ్ల టోర్నీ కావాలి. అందులో 2600 స్థాయి ఆట చూపించాలి. ఎదురాడినవారిలో కనీసం మూడోవంతు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి, మన దేశం కాక మరో రెండు దేశాలవారైనా ఉండాలి. మహిళా గ్రాండ్‌మాస్టర్‌కు ఈ అంకెలు 2300, 2400. నిబంధన న్యాయమైనదే. ఆటగాడి బలం నిజంగా బయటపడాలంటే బలమైనవాళ్ళతోనే ఆడాలి. యూరప్‌లో ఉన్న కుర్రవాడికి అలాంటి టోర్నీ రైలు దూరంలో ఉంటుంది. మన పిల్లలకు పాస్‌పోర్టు, వీసా, విమానం టిక్కెట్టు, హోటలు గది, వెంట ఒక పెద్ద మనిషి కావాలి. అంత ఖర్చు పెట్టి వెళ్ళాక ఎనిమిది రౌండ్లు బాగా ఆడి తొమ్మిదో రౌండ్లో ఒక్క తప్పుటెత్తు వేస్తే నార్మ్ చేజారుతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలు.

గోదావరి జిల్లాల నుంచి ఈ దారి చివరిదాకా నడిచిన అమ్మాయి బొడ్డ ప్రత్యూష. ఊరు తుని. జిల్లాల విభజనతో ఇప్పుడు కాకినాడ జిల్లాలోకి వచ్చింది గానీ నిన్నమొన్నటి దాకా తూర్పుగోదావరే. తమలపాకులకు, మామిడిపళ్ళకు పేరున్న ఆ మెట్ట పట్టణం నుంచి బయల్దేరి 2020 జనవరిలో జిబ్రాల్టర్ మాస్టర్స్‌లో కావలసిన చివరి నార్మ్ పూర్తిచేసి మహిళా గ్రాండ్‌మాస్టర్ అయింది. స్పెయిన్ దక్షిణ కొసను ఆనుకుని ఉన్న ఆ చిన్న రేవుపట్నంలో ఏటా మేటి ఆటగాళ్ళు కలిసేవారు. తుని పేరు ప్రపంచ చదరంగం పట్టికల్లోకి ఎక్కింది అక్కడే. గోదావరి నేలలో సత్తువ లేదని ఇకమీదట ఎవరూ అనలేరు. అయితే ఒక్క ప్రత్యూష దగ్గర ఎందుకు ఆగిపోయిందన్నదే మన ముందున్న ప్రశ్న.

జవాబు కోసం దూరం పోనక్కరలేదు. మన వైపు ఏ ఊళ్ళోనైనా ఆదివారం జరిగే పిల్లల టోర్నీ చూడండి. బడి హాల్లోనో కల్యాణమంటపంలోనో పొడవాటి బల్లల మీద చుట్టి విప్పే ప్లాస్టిక్ బోర్డులు, రెండేసి ముఖాల గడియారాలు. ఎనిమిదేళ్ళ పిల్ల బల్ల అందక కుర్చీలో మోకాళ్ళ మీద నిలబడి గుర్రాన్ని ఎత్తి పెడుతుంది. గడియారం నొక్కి, పెన్ను తీసుకుని ఆ ఎత్తును స్కోర్‌షీట్ మీద రాసుకుంటుంది. ఎదుటివాడి మంత్రి కదిలిన గడి చూసి ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. బయట వరండాలో అమ్మ టిఫిన్ డబ్బాతో కాచుకుని ఉంటుంది. పాప బయటకు రాగానే మొదటి ప్రశ్న గెలిచావా, ఓడావా అని. ఓడానంటే, పోనీలే, తరవాతి రౌండు బాగా ఆడు అంటుంది. ఆ స్కోర్‌షీట్ మడతపడి సంచి అడుగుకు చేరుతుంది.

క్లబ్ ఉన్న ఊళ్ళో ఆ కాగితానికి ఇంకో గతి పడుతుంది. గురువు బోర్డు పరిచి ఆ ఆటను మళ్ళీ పెట్టిస్తాడు. పద్దెనిమిదో ఎత్తు దగ్గర ఆపి, ఇక్కడ నువ్వేమనుకున్నావు, అతను ఏం చేస్తాడనుకున్నావు అని అడుగుతాడు. పిల్ల తన ఆలోచన తన నోటితో చెబుతుంది. తప్పు ఎక్కడ మొదలైందో తనకే తెలిసిపోతుంది. చదరంగంలో ఎదగడమంటే ముఖ్యంగా ఇదే, ఓడిన ఆటను కూర్చుని చదవడం. ఇప్పుడు ఫోన్లోని ఇంజిన్ సరైన ఎత్తును రెప్పపాటులో చూపిస్తుంది. నువ్వెందుకు అలా ఆడావని మాత్రం అది అడగదు. దొమ్మరాజు గుకేశ్‌కు మద్రాసులో కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్ జోలికే పోనివ్వలేదు. సొంత బుర్రతో లెక్క వేయడం అలవాటు కావాలని ఆయన పట్టుదల.

ఆ పట్టుదల ఫలితం లోకం చూసింది. చెన్నైలో తెలుగు కుటుంబంలో 2006లో పుట్టిన గుకేశ్ 2019 జనవరిలో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. వయసు 12 ఏళ్ళ 7 నెలల 17 రోజులు. కర్యాకిన్ రికార్డు కేవలం 17 రోజుల తేడాతో తప్పిపోయింది. ఆరేళ్ళు తిరక్కముందే, ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ గెలిచాడు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5–6.5తో ఓడించి, అందరూ ఒప్పుకునే ప్రపంచ టైటిల్ గెలిచినవారిలో అందరికన్నా చిన్నవాడయ్యాడు. ఆ మ్యాచ్‌కు గుకేశ్ వెనక పనిచేసిన బృందంలో గుంటూరు హరికృష్ణ ఉన్నాడు. తాతగారి దగ్గర ఎత్తులు నేర్చి, రెండు దశాబ్దాలు దేశం తరఫున ఆడి, తన తరవాతి తరం కుర్రవాడికి తయారీలో చెయ్యందించాడు. 2002లో పొనొమర్యోవ్ పక్కన కర్యాకిన్ కూర్చోవడం వల్ల జరిగిన మేలే ఇక్కడ తిరగబడి జరిగింది. ఈసారి పెద్దవాడే చిన్నవాడి వెనక నిలబడ్డాడు. ఇళ్ళలో విడివిడిగా మొదలైన కథ ఇలా ఒక పరంపర అయింది.

హనుమకొండ కుర్రవాడు ఎరిగైసి అర్జున్‌దీ ఆ పరంపరే. హైదరాబాద్‌లో శిక్షణ పొంది 2018లో పద్నాలుగేళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగ్‌తో ఆనంద్ తరవాత 2800 దాటిన రెండో భారతీయుడు. అదే ఏడాది సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ ఓపెన్, మహిళల విభాగాలు రెండింటిలోనూ స్వర్ణం గెలిచింది. ఓపెన్ జట్టులో అయిదుగురు ఆడితే ముగ్గురు తెలుగువాళ్ళే: గుకేశ్, అర్జున్, హరికృష్ణ. మూడో బోర్డు మీద అర్జున్ 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చాడు. మహిళల జట్టులో హారిక ఉంది. మూడు నెలలకు న్యూయార్క్‌లో హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. మొదటిది 2019లో మాస్కోలో.

ఉక్రెయిన్ సంగతి కూడా చివరిదాకా చెప్పుకోవాలి. కర్యాకిన్ 2009లో, లాగ్నో 2014లో రష్యా తరఫు ఆటగాళ్ళయ్యారు. 2022 ఏప్రిల్ 8న క్రమతోర్స్క్ రైల్వే స్టేషన్ మీద క్షిపణి పడి, ఊరు విడిచి పోవడానికి వచ్చిన జనంలో యాభైమందికి పైగా చనిపోయారు. అది జరిగిన నాలుగు నెలలకు మద్రాసు దగ్గర మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగింది. మహిళల విభాగంలో స్వర్ణం ఉక్రెయిన్‌కే దక్కింది. ముజీచుక్ అక్కచెల్లెళ్ళు, అన్నా ఉషెనినా తదితరులున్న ఆ జట్టు యుద్ధంలో ఉన్న దేశం నుంచి వచ్చి గెలిచింది. హంపి, నెలలు నిండి ఆడిన హారిక ఉన్న మన జట్టుకు కాంస్యం వచ్చింది. నగరాలు కూలినా ఆటగాళ్ళు నిలబడ్డారంటే కారణం, ఆ దేశంలో ఆట ఏ ఒక్క ఇంటినో నమ్ముకుని లేకపోవడమే. దాన్ని ఎన్నో ఊళ్ళు, ఎందరో గురువులు తరతరాలుగా మోశారు.

గోదావరి జిల్లాలకు కావలసింది అదే. పెద్ద స్టేడియం అక్కరలేదు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. ఈ జిల్లాల్లో గ్రంథాలయాలను ఊళ్ళవాళ్ళే చందాలు వేసుకుని నిలబెట్టిన చరిత్ర ఉంది. ఆ అలవాటుతోనే ప్రతి పట్టణంలో సాయంత్రాలు ఒక గదిని చదరంగానికి ఇవ్వవచ్చు. పది బోర్డులు, పది గడియారాలు, జీతం మీద ఒక కోచ్ చాలు. భీమవరం, అమలాపురం, కాకినాడ, రాజమండ్రి వంతులవారీగా ఏటా ఒక్కో రేటింగ్ టోర్నీ పెట్టుకుంటే పిల్లలు మొదటి రేటింగ్ కోసం రాత్రి రైళ్ళలో తిరగనక్కరలేదు. విదేశీ ఆటగాళ్ళను పిలిచే నార్మ్ టోర్నీ ఒకటి మన రాష్ట్రంలోనే ఏటా జరిగితే పదిమంది పిల్లల విమాన ఖర్చు మిగులుతుంది. హోదా సాధించినవాళ్ళను పిలిచి శాలువా కప్పి పంపడంతో సరిపెట్టకుండా, నెలకోసారైనా ఆ గదిలో కూర్చుని పిల్లలు ఓడిన ఆటలు చూడమని అడగాలి.

హంపికి తండ్రి దొరికాడు, హరికృష్ణకు తాత దొరికాడు. ఎవరూ దొరకని పిల్లకు ఊరు దొరకాలి. ఆ పని మొదలుపెట్టడానికి కావలసినవన్నీ ఈ డెల్టాలో ఇప్పుడే ఉన్నాయి.