బర్క్‌లీ చెక్కభవనంలో తేలిన చక్కెర దారి

మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడును ఏయే మెట్ల మీదుగా చక్కెరగా మారుస్తుందో ముఖ్యంగా ఒక పాత చెక్కభవనంలో తేలింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలోని ఆ కట్టడం పేరు ఓల్డ్ రేడియేషన్ లాబొరేటరీ. 1930లలో ఎర్నెస్ట్ లారెన్స్ అక్కడే సైక్లోట్రాన్ నడిపాడు.

ఆకుపచ్చని భాగాలు వెలుతురులోనే ఆక్సిజన్ వదులుతాయని ఇంగెన్‌హౌస్ 1779లోనే చూపాడు. అందుకు కార్బన్ డయాక్సైడు అవసరమని కొద్దికాలానికే సెనెబియే గుర్తించాడు. ఆ తర్వాత ఆకు లోపల ఏం జరుగుతుందో చాలాకాలం అంతుపట్టలేదు. కొత్తగా చేరిన కార్బన్‌ను, అప్పటికే ఉన్న కార్బన్‌ను వేరుచేసి చూసే మార్గం లేదు.

ఆ మార్గం వేసినవారు సామ్ రూబెన్, మార్టిన్ కామెన్. మొదట వారు రేడియోధార్మిక కార్బన్-11 వాడారు. దాని అర్ధాయువు సుమారు 20 నిమిషాలే కావడంతో విశ్లేషణ ముగిసేలోపే జాడ సన్నగిల్లేది. 1940 ఫిబ్రవరిలో వారే కార్బన్-14ను కనుగొన్నారు. దాని అర్ధాయువు 5,700 ఏళ్లకు పైమాటే. కానీ యుద్ధం ఇద్దరినీ ఆ పరిశోధనకు దూరం చేసింది. 1943లో ఫాస్జీన్ వాయు ప్రమాదంలో రూబెన్ 29 ఏళ్లకే మరణించాడు. మరుసటి ఏడాది భద్రతాధికారుల అనుమానం వల్ల కామెన్ ఉద్యోగం పోయింది.

యుద్ధానంతరం మెల్విన్ కాల్విన్ నాయకత్వంలో ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ తదితరులు పని అందుకున్నారు. వారి పద్ధతిలోని నేర్పు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. లాలీపాప్ అని పిలుచుకున్న పలుచని గాజుపాత్రలో క్లోరెల్లా వంటి శైవలాలను ఉంచి దీపాలు వెలిగించేవారు. కార్బన్-14 ఉన్న ద్రావణం కలిపిన కొద్ది సెకన్లకే కింది కుళాయి తిప్పి, శైవలాలను వేడి ఆల్కహాలులోకి వదిలేవారు. రసాయన చర్యలన్నీ అక్కడికక్కడే ఆగిపోయేవి. ఆ సారాన్ని కాగితంపై క్రొమటోగ్రఫీతో విడదీసి, దానిమీద ఎక్స్-రే ఫిల్మ్ పరిచేవారు. రేడియోధార్మిక పదార్థం ఉన్న చోటల్లా ఫిల్మ్‌పై నల్లమచ్చ పడేది.

వ్యవధి తగ్గించేకొద్దీ మచ్చల సంఖ్య తగ్గి, చివరికి మూడు కార్బన్ల ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లానిదే ప్రధానంగా మిగిలింది. దాన్నిబట్టి కార్బన్ డయాక్సైడును అందుకునేది రెండు కార్బన్ల పదార్థమై ఉంటుందని చాలాకాలం వెతికారు. తీరా చూస్తే అది ఐదు కార్బన్ల రిబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్. దానికి ఒక కార్బన్ చేరగానే అది మూడేసి కార్బన్లున్న రెండు ముక్కలుగా చీలుతుంది. వెలుతురు శక్తితో తయారైన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్‌ల సాయంతో ఆ ముక్కలు చక్కెరలవుతాయి. అలాంటి ప్రతి ఆరింటిలో ఐదు తిరిగి రిబ్యులోజ్ తయారీకే పోతాయి. మొక్కకు మిగిలేది ఒక్కటే. ఈ చక్రం మొత్తాన్ని 1954లో ప్రకటించారు.

1961 రసాయన నోబెల్ కాల్విన్ ఒక్కడికే దక్కింది. బెన్సన్ అంతకు చాలా ముందే బర్క్‌లీ విడిచాడు. ప్రయోగాల భారం ఎంతో మోసిన అతనికి ఇది అన్యాయమే. ఇప్పుడు చాలా పాఠ్యగ్రంథాలు దీన్ని కాల్విన్-బెన్సన్ చక్రం అంటున్నాయి. కొన్ని బాషమ్ పేరునూ చేరుస్తున్నాయి.