మీ ఇంట్లో తుపాకీ ఉందా? ‘ఖాళీగానే ఉంది’ అన్న మాట నమ్మొద్దు

2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబయిలో నటుడు గోవిందా కాలికి తూటా తగిలింది. అది ఆయన సొంత రివాల్వర్‌ నుంచి వచ్చిన తూటానే. తుపాకీకి లైసెన్స్ కూడా ఉంది. ప్రయాణానికి బయల్దేరే ముందు దాన్ని బీరువాలో పెడుతుంటే చేయి జారి పడి పేలిందని అప్పట్లో చెప్పారు. ఆపరేషన్ చేసి తూటా తీశారు.

కిందపడితేనే పేలుతుందా అని చాలామందికి అనుమానం. పాత మోడల్ రివాల్వర్లలో హ్యామర్ మొన తూటా వెనుక భాగాన్ని తాకుతూ ఉంటుంది. పడినప్పుడు హ్యామర్‌కు గట్టి దెబ్బ తగిలితే చాలు. కొత్త మోడళ్లలో దీనికి అడ్డుగా లోపల ఓ చిన్న లోహపు భాగం పెడుతున్నారు. కానీ తాతల నాటి రివాల్వర్‌లో అది ఉండకపోవచ్చు.

పిస్టల్‌తోనే అసలు చిక్కు

మ్యాగజైన్ బయటకు తీయగానే పిస్టల్ ఖాళీ అయిందనుకుంటారు. అది తప్పు. అప్పటికే ఛాంబర్‌లోకి ఎక్కిన ఒక తూటా లోపలే ఉండిపోతుంది. ‘ఖాళీ’ అనుకున్న తుపాకీ పేలిందంటే చాలాసార్లు కారణం ఆ ఒక్క తూటానే.

తీసే వరుస కూడా ముఖ్యం. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి కళ్లతో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఈ వరుస తిరగబడితే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, లోపలున్న తూటా బయటపడినా మ్యాగజైన్‌ నుంచి మరొకటి ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. ఖాళీ చేశామనుకుంటూనే లోడ్ చేసినట్టు!

ఇదంతా చేస్తున్నంతసేపూ గొట్టం మనుషులు లేని వైపే ఉండాలి. ఫ్లాట్లలో గోడ అవతల పక్కింటివాళ్లు ఉంటారని గుర్తుంచుకోండి. వేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన చాచి ఉంచాలి. సేఫ్టీ క్యాచ్ వేశాం కదా అని ధీమా వద్దు. అదీ ఒక యంత్ర భాగమే, అరుగుతుంది.

బ్యాంకు గార్డుల దగ్గర కనిపించే డబుల్ బ్యారెల్ తుపాకీకైతే పరీక్ష తేలిక. మడత విప్పి గొట్టాల్లోంచి చూస్తే అవతలి వెలుతురు కనిపించాలి. మీరు క్యూలో ఉన్నప్పుడు ఆ గొట్టం మీ వైపు తిరిగి ఉంటే పక్కకు జరగండి, మొహమాటపడకుండా గార్డుకు చెప్పండి.

తాళం ఎవరి దగ్గర?

2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ కావాలంటే భద్రతా శిక్షణ పొందాలి, ఆయుధాన్ని సురక్షితంగా దాచే ఏర్పాటు చూపాలి. తుపాకీ ఒక చోట, తూటాలు మరో చోట, రెండింటికీ తాళం వేసి ఉంచండి. తలగడ కింద, కారు డ్యాష్‌బోర్డులో పెడితే అది పిల్లల చేతికి అందినట్టే. లైసెన్స్ మీ పేరు మీద ఉంది, మీ బావమరిది పేరు మీద కాదు. సెల్ఫీ కోసం కూడా ఇవ్వకండి.

పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చడం సరదా కాదు, నేరం. పైకి వెళ్లిన తూటా ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. 2019లో సవరించిన ఆయుధ చట్టం ప్రకారం ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చేలా ఇలా కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంటుంది.

నాన్నగారి తుపాకీ ఏం చేయాలి?

లైసెన్స్‌దారు చనిపోయాక బీరువాలో తుపాకీ అలాగే ఉండిపోయే ఇళ్లు ఉన్నాయి. పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉంటారు. ఆ క్షణం నుంచి అది లైసెన్స్ లేని ఆయుధమే. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. లైసెన్స్ గడువు ముగిసినా ఇదే పద్ధతి. వారసులు తమ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో అయితే పోలీస్ కమిషనర్ కార్యాలయాన్ని సంప్రదించాలి.

తుపాకీ వాడటం తెలియకపోతే దాన్ని ముట్టుకోకండి, స్కూటర్ డిక్కీలో వేసుకుని స్టేషన్‌కు అసలే వెళ్లకండి. ముందు ఫోన్ చేసి విషయం చెబితే ఏం చేయాలో వాళ్లే చెబుతారు. జమ చేశాక రసీదు తీసుకోండి. తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రెండూ దాని మీద రాశారో లేదో అక్కడే చూసుకోండి.