తొలి ఎయిర్ రైఫిల్ ఎంపిక

లక్ష్య షూటింగ్ నేర్చుకునేవారు సాధారణంగా మొదట చేపట్టేది ఎయిర్ రైఫిల్. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలోనే కాంస్యం గెలిచారు. పోటీ రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, గరిష్ఠ బరువు 5.5 కిలోలు. లక్ష్యపు కాగితంపై పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే.

రకాలు: స్ప్రింగ్ రైఫిల్ చవక, కుదుపు ఎక్కువ. సిలిండరులో ముందే గాలి నింపే రైఫిల్‌కు కుదుపు తక్కువ. పోటీలకు ఇదే అనువు.

ఎంపిక: భుజానికి ఆనే మడమ, చెంప ఆనే భాగం ఒంటికి తగ్గట్టు సర్దుకునేలా ఉండాలి. బరువు అలవిగా ఉండాలి.

చట్టం: 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, గుండు వెలువడే శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు.

కొత్తవారు కొనేముందు షూటింగ్ రేంజిలో కోచ్ పర్యవేక్షణలో క్లబ్బు రైఫిల్‌తో సాధన చేయడం మేలు.