హైదరాబాదు జిల్లా: పాలనా విభాగాలు, జనాభా లెక్కలు

హైదరాబాదు అన్న పేరు నగరానికీ, జిల్లాకూ, ఒకప్పటి సంస్థానానికీ సమానంగా వర్తిస్తున్నది. ఈ నామసామ్యం వల్ల పరిశోధనలలో ఒకదాని జనసంఖ్య మరొకదానికి ఆరోపితమవుతున్నది. జిల్లా హద్దుల చరిత్రను పరిశీలిస్తే ఈ పొరపాటు తీవ్రత స్పష్టమవుతుంది.

నిజాం పాలనలో నగరం ‘బల్దా’. దాని చుట్టుపక్కల ప్రాంతం ‘అత్రాఫ్-ఎ-బల్దా’ జిల్లా. నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన ‘సర్ఫ్-ఎ-ఖాస్’ భూములలో ఈ జిల్లా ఒక భాగం. సంస్థాన విలీనానంతరం అత్రాఫ్-ఎ-బల్దా, బాఘాత్ జిల్లాల కలయికతో హైదరాబాదు జిల్లా రూపొందింది. ఈ జిల్లాలో నగరమూ పల్లెలూ కలిసే ఉన్నాయి. 1978 ఆగస్టు 15న పల్లె ప్రాంతాన్ని రంగారెడ్డి జిల్లాగా వేరు చేయడంతో హైదరాబాదు పూర్తిగా పట్టణ జిల్లా అయింది.

ఈ స్వరూపం పాలనలోనూ కనిపిస్తుంది. హైదరాబాదు, సికింద్రాబాదు అనే రెండు రెవెన్యూ డివిజన్ల కింద 16 మండలాలున్నాయి. చార్మినార్, గోల్కొండ, బహదూర్‌పుర, ముషీరాబాద్, ఖైరతాబాద్, మారేడుపల్లి వంటివి వీటిలోనివి. గ్రామాలు లేనందున ఇక్కడ జిల్లా పరిషత్తు లేదు. మండలం ఇక్కడ భూమి లెక్కలకూ ధ్రువపత్రాలకూ సంబంధించిన రెవెన్యూ విభాగం మాత్రమే. పౌర సేవలు నగరపాలక సంస్థవి. సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతం మాత్రం ప్రత్యేక బోర్డు అధీనంలో ఉన్నది.

2011 జనగణన ప్రకారం 217 చదరపు కిలోమీటర్ల ఈ జిల్లాలో 39,43,323 మంది నివసించారు. చదరపు కిలోమీటరుకు జనసాంద్రత 18,172. జనాభా 1991-2001 దశాబ్దంలో 21.74 శాతం పెరగగా, 2001-2011లో పెరుగుదల 2.97 శాతమే. ఈ అంకెను మాత్రమే చూసినవారు నగరాభివృద్ధి నిలిచిపోయిందని భావించే ప్రమాదముంది. అదే దశాబ్దంలో రంగారెడ్డి జిల్లా జనాభా 35,75,064 నుంచి 52,96,741కి, అంటే 48 శాతానికి పైగా పెరిగింది. హైదరాబాదు జిల్లాలో అదనంగా చేరినవారు 1,13,570 మంది కాగా, రంగారెడ్డిలో 17 లక్షలకు పైగా చేరారు. అప్పటి రంగారెడ్డిలో తాండూరు, వికారాబాదు వంటి దూర ప్రాంతాలూ ఉన్నందున ఈ పెరుగుదలనంతా నగరానికి ఆపాదించరాదు. అయినా కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, మల్కాజిగిరి, ఎల్.బి. నగర్ అన్నీ ఆ జిల్లాలోనివే. నగరం పెరుగుతూనే ఉన్నది. జిల్లా గీత మాత్రం కదలలేదు.

2007లో 12 పురపాలక సంఘాలనూ 8 గ్రామ పంచాయతీలనూ చేర్చి ఏర్పరచిన మహానగరపాలక సంస్థ ఈ గీతను దాటి, మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు వరకు విస్తరించింది. 2011లో దాని పరిధిలో 67 లక్షలకు పైగా జనం ఉన్నారు. అందులో కంటోన్మెంటు చేరదు కనుక, సంస్థ పరిధిలోనివారిలో కనీసం 27 లక్షల మంది హైదరాబాదు జిల్లాకు వెలుపలివారే. 2016 అక్టోబరులో రంగారెడ్డి నుంచి మేడ్చల్-మల్కాజిగిరి, వికారాబాదు జిల్లాలు వేరుపడినా, ఈ వైరుధ్యం తొలగలేదు.

ఈ భేదం భాషా పరిశోధకులకు మరింత ముఖ్యం. జిల్లాలో తెలుగు, ఉర్దూ మాతృభాషగా గలవారి నిష్పత్తులు దాదాపు సమానం. పాతనగరం జిల్లాలో ఉండి, కొత్త వలస కాలనీలలో అధిక భాగం వెలుపల ఉన్నందున, ఆ నిష్పత్తిని మహానగరం మొత్తానికి అన్వయించరాదు. మాండలిక సేకరణలోగాని, అక్షరాస్యత పరిశీలనలోగాని ‘హైదరాబాదు’ అని రాసినప్పుడు అది జిల్లానో, నగరపాలక సంస్థ పరిధో, ఏ సంవత్సరపు హద్దో పేర్కొనాలి. అప్పుడే ఆ నిర్ధారణలు పరీక్షకు నిలుస్తాయి.