రంగస్థలం నుండి రణరంగానికి: యుద్ధవంచనలో ఇంద్రజాల సూత్రాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంద్రజాలికుని మెళకువలు రాజ్యరక్షణకు, యుద్ధవ్యూహానికి ఎంతవరకు ఉపకరించాయన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. 1856 నాటి అల్జీరియా ప్రదర్శనలు, 1942 నాటి ఎల్ అలమైన్ యుద్ధం, 1953లో అమెరికా గూఢచార సంస్థ చేపట్టిన ప్రయోగం అనే మూడు ఘట్టాలను ఇది పరిశీలిస్తుంది. యుద్ధంలో ఫలించినవి ఇంద్రజాలపు అద్భుతాలు కావనీ, దాని సూత్రాలేననీ, ఆ సూత్రాలు రంగస్థలం దాటినప్పుడు ఒక నైతిక ఒప్పందం భంగమవుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఇంద్రజాలం, కనికట్టు, సప్తోపాయాలు, యుద్ధవంచన, ఎల్ అలమైన్.

1. ఉపోద్ఘాతం:
సామ దాన భేద దండాలనే చతురుపాయాలు సుప్రసిద్ధాలు. కామందకుని నీతిసారం వీటితోపాటు మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం అనే మరో మూడింటిని పేర్కొని ఉపాయాలు ఏడని చెప్పింది. ఈ గ్రంథం ‘ఆంధ్ర కామందకము’గా తెలుగులోకి కూడా వచ్చింది. అంటే ఇంద్రజాలాన్ని వినోదంగానే కాక రాజనీతిలో ఒక సాధనంగా గుర్తించిన సంప్రదాయం మనకు పూర్వం నుంచీ ఉంది.

తెలుగులోని ‘కనికట్టు’ అనే మాటలోనే ఈ విద్య సారమంతా ఇమిడి ఉంది. ఇక్కడ చూపరి కన్ను మూసుకుపోదు. అది ఎక్కడ నిలవాలో మరొకరు నిర్ణయిస్తారు. ఆధునిక కాలంలో బార్టన్ వేలీ అనే అమెరికన్ పరిశోధకుడు 1982లో ఇంద్రజాల సూత్రాలను ఆధారం చేసుకొని వంచనకు ఒక సాధారణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆయన దృష్టిలో ప్రతి వంచనలోనూ రెండు పనులుంటాయి: ఉన్నదాన్ని దాచడం, లేనిదాన్ని చూపడం. దాచడంలో మరుగుపరచడం, రూపం మార్చడం, తికమకపెట్టడం ఉన్నాయి. చూపడంలో అనుకరించడం, కొత్తగా కల్పించడం, దృష్టి మళ్ళించడం ఉన్నాయి. ఈ విభజన తదుపరి పరిశీలనకు ప్రాతిపదిక.

2. అల్జీరియా – వలసపాలన సేవలో ఇంద్రజాలం:
గడియారాల తయారీ నేర్చి ఇంద్రజాలికుడైన రాబర్ట్ హుడిన్‌ను 1856లో ఫ్రెంచి ప్రభుత్వం అల్జీరియాకు పంపింది. అక్కడి ప్రజలపై మరబూలనే మతగురువులకున్న ప్రభావాన్ని తగ్గించడం దాని ఉద్దేశం. ఆయన ప్రదర్శనల్లో పేరుపొందింది ఒక చిన్న పెట్టె. ఒక క్షణం పిల్లవాడైనా ఎత్తగల ఆ పెట్టెను మరుక్షణం బలశాలి కూడా కదిలించలేకపోయేవాడు. వేదిక కింద అమర్చిన విద్యుదయస్కాంతమే దాని రహస్యం.

ఇక్కడ గమనించవలసింది యంత్రాన్ని కాదు, దాని చుట్టూ అల్లిన అర్థాన్ని. పారిస్‌లో అదే పెట్టె వినోదం. అల్జియర్స్‌లో అది ‘నీ బలాన్ని నేను హరించగలను’ అనే పాలకుని ప్రకటన. అర్థశాస్త్రం పదమూడవ అధికరణంలో ఇటువంటి ఉపాయమే కనిపిస్తుంది. శత్రుప్రజల్లో భీతి, తనవారిలో ఉత్సాహం కలిగించడానికి రాజు తాను సర్వజ్ఞుడననీ, దేవతలతో సంభాషిస్తాననీ ప్రచారం చేయించాలనీ, అందుకు దేవతల స్థానంలో గూఢచారులు దాగి మాట్లాడాలనీ కౌటిల్యుడు చెప్పాడు. కాలం, దేశం వేరైనా సూత్రం ఒక్కటే. అయితే అల్జీరియా ప్రదర్శనల ప్రభావానికి ప్రధాన ఆధారం హుడిన్ స్వీయచరిత్రే. తన విజయాన్ని తానే వర్ణించుకున్న ఇంద్రజాలికుని మాటను చరిత్రకారుడు ఆచితూచి స్వీకరించాలి.

3. ఎల్ అలమైన్ – అనుమానాన్నే ఆయుధం చేసుకోవడం:
రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వంచన వ్యూహాలకు ఆద్యుడైన డడ్లీ క్లార్క్ తొలి పాఠం నేర్చుకున్నది వైఫల్యం నుంచే. 1941 ఆరంభంలో బ్రిటిష్ సేనలు ఉత్తరాన ఎరిత్రియాపై దాడికి సిద్ధమవుతూ, దాడి సోమాలీలాండ్‌పై జరగబోతోందని ఇటాలియన్లను నమ్మించాయి. ఇటాలియన్లు నమ్మారు. కానీ అక్కడికి అదనపు బలగాలను పంపకుండా, ఆ ప్రాంతాన్నే ఖాళీచేసి ఉత్తరాన్ని బలపరచుకోసాగారు. శత్రువు ఏమి అనుకోవాలన్నది ముఖ్యం కాదు, ఏమి చేయాలన్నదే ముఖ్యం అని క్లార్క్ గ్రహించాడు. ఆ ఎరిత్రియాలోనే, కెరెన్ వద్ద, భారతీయ డివిజన్లు తీవ్రంగా పోరాడవలసి వచ్చింది.

1942 అక్టోబరు 23 రాత్రి మొదలైన ఎల్ అలమైన్ యుద్ధానికి ముందు ‘ఆపరేషన్ బెర్ట్రామ్’ పేరిట ఈ పాఠం ఆచరణలోకి వచ్చింది. దాడి ఉత్తరాన జరగాలి. శత్రువు మాత్రం దక్షిణాన ఎదురుచూడాలి. మరుగుపరిచే విభాగానికి నాయకుడు జెఫ్రీ బార్కాస్ చలనచిత్రకారుడు. ఆయన సహచరుడు టోనీ ఎయిర్టన్ చిత్రకారుడు.

ఉత్తరాన ముందుగానే లారీల ఆకారంలో కర్ర, గుడ్డలతో తొడుగులు నిలబెట్టారు. శత్రువిమానాలు వాటిని రోజూ చూసి అలవాటుపడ్డాయి. తరువాత రాత్రివేళ ట్యాంకులు వచ్చి ఆ తొడుగుల కింద చేరాయి. అవి విడిచివచ్చిన చోట బొమ్మ ట్యాంకులు వెలిశాయి. చూపరి ఆట మొదలైందని తెలుసుకునేలోపే అసలు పని పూర్తిచేయడం ఇంద్రజాలికుని మౌలిక సూత్రం.

దక్షిణదిశగా ఒక బూటకపు నీటిగొట్టం వరుసను పరిచారు. కందకం తవ్వడం, పక్కన డొల్ల గొట్టాలు పేర్చడం, రాత్రి కందకాన్ని పూడ్చి అవే గొట్టాలను ముందుకు జరపడం – ఇదీ పద్ధతి. ఆ పనివేగాన్ని చూసినవారికి దాడి నవంబరుకు ముందు జరగదనిపించాలి. దిక్కుతోపాటు కాలాన్ని కూడా ఇలా మరుగుపరిచారు.

అన్నింటికంటే సూక్ష్మమైనది బొమ్మ ఫిరంగుల ఉదంతం. దక్షిణాన మునాసిబ్ వద్ద నిలిపిన బొమ్మలను శత్రువు బొమ్మలుగానే గుర్తించేలా, కావాలనే శిథిలం కానిచ్చారు. ఆపై రాత్రికి రాత్రే వాటి స్థానంలో నిజమైన ఫిరంగులను నిలిపారు. ‘రహస్యం కనిపెట్టాను’ అని సంతోషించే చూపరే ఇంద్రజాలికునికి సులభంగా చిక్కుతాడు.

యుద్ధం మొదలైన తొలిరోజుల్లో జర్మన్ 21వ పాంజర్ డివిజన్ దక్షిణానే నిలిచిపోయింది. ఆ విజయానికి బ్రిటిష్ సేనల సంఖ్యాబలం, ఆయుధబలం కూడా కారణాలే. అయినా క్లార్క్ కొలమానం ప్రకారం వంచన ఫలించినట్లే, ఎందుకంటే శత్రువు కోరిన పని చేశాడు.

4. కీర్తి కూడా కనికట్టే:
ప్రసిద్ధ ఇంద్రజాలిక కుటుంబానికి చెందిన జాస్పర్ మాస్కెలిన్ కూడా ఆ యుద్ధకాలంలో ఈజిప్టులో పనిచేశాడు. 1949లో ఆయన పేరిట వెలువడిన గ్రంథం అలెగ్జాండ్రియా రేవును, సూయజ్ కాలువను శత్రువిమానాలకు కనిపించకుండా చేసిన ఘనత ఆయనదేనని చెప్పింది. తరువాతి పరిశోధకులకు వీటిని బలపరిచే సమకాలీన ఆధారాలు దొరకలేదు. ఎండలో గొట్టాలు మోసిన అనామక సైనికుల శ్రమ మరుగునపడి, ఒక ఇంద్రజాలికుని కథ లోకప్రసిద్ధమైంది. పాఠకుని చూపును కూడా ఇలా మళ్ళించవచ్చు.

5. ఒప్పంద భంగం:
1953లో అమెరికన్ ఇంద్రజాలికుడు జాన్ మల్హోలాండ్ ఆ దేశ కేంద్ర గూఢచార సంస్థ కోసం ఒక కరదీపికను రచించాడు. ఎదుటివారి పానీయంలో పొడులు, మాత్రలు, ద్రవాలు వారికి తెలియకుండా కలపడం అందులోని ముఖ్యవిషయం. మనుషులపై వారికి తెలియకుండానే మత్తుపదార్థాలను ప్రయోగించిన ‘ఎంకే అల్ట్రా’ పథకంలో ఇది భాగం. 1973లో ఆ పథకపు పత్రాలను ధ్వంసం చేయించినా, కరదీపిక ప్రతి ఒకటి మిగిలి 2009లో ప్రచురితమైంది.

గారడీవాని చుట్టూ చేరినవారు మోసపోవడానికి ఇష్టపడే వస్తారు. రణరంగంలో ప్రత్యర్థికి ఆ సమ్మతి లేకున్నా, వంచన ఉంటుందన్న ఎరుక ఉంటుంది. మల్హోలాండ్ కరదీపిక ఎంచుకున్న మనిషికి ఈ రెండూ లేవు. హస్తలాఘవం అదే, కానీ చూపరి బాధితుడయ్యాడు.

6. ముగింపు:
పై పరిశీలనలో తేలిన అంశాలివి:
• వంచన కొత్త నమ్మకాన్ని నాటడం కంటే, చూపరిలో అప్పటికే ఉన్న అలవాటును, అంచనాను వాడుకున్నప్పుడే ఎక్కువగా ఫలించింది.
• దాని విజయాన్ని కొలవవలసింది శత్రువు తలపులో కాదు, చేతలో.
• ఇంద్రజాలికుని స్వీయకథనం చారిత్రక ఆధారంగా చాలదు. సమకాలీన పత్రాలతో సరిచూడాలి.

నేడు ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో సాగుతున్న మోసాల్లోనూ ఇవే సూత్రాలు కనిపిస్తాయి. వీడియో తెరపై నకిలీ పోలీసు దుస్తులు, కార్యాలయం అనుకరణ; ఫోను పెట్టేయనివ్వకపోవడం దృష్టిని కట్టివేయడం. కామందకుడు ఇంద్రజాలాన్ని రాజుకు ఉపాయంగా చెప్పాడు. ఇప్పుడు దాని మర్మం తెలియవలసింది పౌరునికి.